శాస్త్రవ్యాసములను వెదకుట



నేను ముప్పది యైదేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. అమరము, కావ్యములు, వ్యాకరణము, కొంత తర్కము, ఇవి నా చదువు. అట్టివాడు వ్యవసాయశాస్త్రమును, పశువైద్యమును గూర్చిన పరిశోధన వ్యాసములను గ్రంథాలయపు కంప్యూటరులో వెదకు విధమును చెప్పబూనుట మీకు వింతగా తోపవచ్చును. నాకును మొదట వింతగానే తోచినది. కాని యీ పనియందు యంత్రమున కున్న పాలు కొంచెము, పదముల కున్న పాలు మెండు. ఆ కారణముననే నాబోటివానికి నోరు విప్పు నవకాశము కలిగినది.

రెండేండ్ల క్రిందట మా అన్నగారి మనుమరాలు సెలవులకు మా యింటికి వచ్చినది. ఆమె పశువైద్యమున పట్టము పొంది పైచదువు చదువుచున్నది. పాడిరైతులకు పంచుటకై గొంతువాపు వ్యాధిని గూర్చి తెలుగున నొక కరపత్రము వ్రాసి, "తాతయ్యా, భాష దిద్ది పెట్టుడు" అని నా చేతి కిచ్చినది. భాషాదోషములు స్వల్పములే. కాని చివరి పుటలో నొక వాక్యముకడ నా కలము నిలిచిపోయినది. గేదెలకు ఈ టీకా వేసిన పిదప దాని రక్షణ యెంతకాలము నిలుచునో ఎవ్వరును పరిశోధింపలేదని అందుండెను.

"అమ్మా, ఈ సంగతి నీకెట్లు తెలిసినది?" అని యడిగితిని.

"వెదకితిని తాతయ్యా, దొరకలేదు" అని యామె సమాధానము.

ఆ మాట వినగానే నాకు చిన్ననాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. నాకప్పుడు పదేండ్ల ప్రాయము. తొలకరి వానలు పడిన వారములో మా పాడిగేదె యొకనాటి సాయంకాలము మేత మానినది. రాత్రికి గొంతు క్రింద వాచినది, గురక పెట్టసాగినది. తెల్లవారులోగా ప్రాణము విడిచినది. ఆ యేడు టీకా వేయ వచ్చినవారిని మా నాయనగారు "నిరుడు వేయించితిమి గదా" యని త్రిప్పి పంపియుండిరి. ఒకసారి వేసిన టీకా ఎన్ని నెలలు కాచును అనునది మా యింట పాలకుండతో ముడివడిన ప్రశ్న. అట్టి ప్రశ్నకు "ఎవ్వరును పరిశోధింపలేదు" అని అచ్చువేసి పంచినయెడల, చదివిన రైతు తనకు తోచినట్లు చేయును. తోచినట్లు చేసిన దాని ఫలము నేను చూచితిని.

మన శాస్త్రములలో అనుపలబ్ధి యను విచారమొకటి కలదు. ఉపలబ్ధి యనగా కానవచ్చుట, అనుపలబ్ధి యనగా కానరాకుండుట. నేలపై కుండ కానరాలేదు, కాబట్టి యిచ్చట కుండ లేదు అని చెప్పుదుము. ఇది పట్టపగలు చెల్లును, చీకటిగదిలో చెల్లదు. వస్తువు ఉన్నయెడల తప్పక కనబడదగిన పరిస్థితి యుండియు కనబడకున్నప్పుడు మాత్రమే "లేదు" అనుటకు మన కధికారము. దానిని యోగ్యానుపలబ్ధి యందురు. వ్యాసములను వెదకువారు ప్రతిదినమును తమ్ము తాము అడుగుకొనవలసిన ప్రశ్న యిదియే: నేను దీపము పట్టుకొని చూచితినా, చీకటిలో చూచితినా?

సెలవులు ముగిసిన పిదప నేనును ఆమెతో కళాశాల గ్రంథాలయమునకు పోతిని. అచ్చటి గ్రంథాలయాధికారిణి మిక్కిలి ఓర్పు గల మనిషి. ఆమె చూపిన మార్గమును, తరువాత నేను కొన్నాళ్లు పోయి వచ్చి నేర్చుకొన్నదానిని మీకు విన్నవింతును.

మొదట డేటాబేసు అన నేమో తెలిసికొనవలెను. శాస్త్రపత్రికలు వేలకొలదిగా వెలువడుచున్నవి. వానిలోని ఒక్కొక్క వ్యాసమునకు శీర్షిక, కర్త, పత్రిక పేరు, సంవత్సరము, సంపుటము, పుటలు, విషయసంగ్రహము, విషయమును తెలుపు పదములు, ఇవి గుర్తించి వరుసగా కూర్చిన సూచియే డేటాబేసు. పూర్వము గ్రంథాలయములలో కార్డుల పెట్టెలుండెడివి గదా! అవి పుస్తకములకు సూచికలు, ఇవి వ్యాసములకు సూచికలు. కార్డు కనబడినంతమాత్రమున పుస్తకము చేతికి రానట్లే, ఇచ్చట పేరు కనబడినంతమాత్రమున వ్యాసము చేతికి రాదు. వ్యాసమును కనుగొనుట యొకటి, సంపాదించుట యింకొకటి.

వ్యవసాయ పశువైద్యములకు సంబంధించిన డేటాబేసులలో ముఖ్యమైనవి నాలుగింటిని చెప్పెదను. అమెరికా దేశపు జాతీయ వ్యవసాయ గ్రంథాలయము వారు 1970 నుండి కూర్చినది అగ్రికోలా. లాటిన్ భాషలో ఆ మాటకు కర్షకుడని యర్థము. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థవారు 1970 దశకపు నడుమ ఆరంభించినది అగ్రిస్. దీనికి పలుదేశముల వారు తమతమ వ్యాసముల వివరములను పంపుదురు, కావున పెద్దపత్రికల కెక్కని స్థానిక పరిశోధనలును దీనిలో దొరకును. మూడవది క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్. ఇంగ్లండులో 1910లో కీటకశాస్త్ర సంఘముగా మొలకెత్తిన సంస్థ దీనిని నడపుచున్నది. 1973 నుండి వచ్చిన వ్యాసముల వివరములును, అంతకు పూర్వము 1910 వరకు గల సంగ్రహములును దీనియందు చేరినవి. పశువైద్యమునకు ఇది పెద్ద దిక్కు, కాని చందా కట్టిన గ్రంథాలయమున మాత్రమే చూడ వీలగును. నాలుగవది 1996లో మొదలైన పబ్‌మెడ్. ఇది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయమువారిది. మనుష్యవైద్యమునకై పుట్టినదైనను పశువైద్య పత్రికలు పెక్కు దీనిలో నున్నవి. అగ్రిస్, పబ్‌మెడ్ ఎల్లరకును ఉచితము.

ఇన్ని యేల, ఒకటి చాలదా యని యడుగవచ్చును. చాలదు. ఒక్కొక్కదానిలో చేరిన పత్రికలు వేరు, మొదలైన సంవత్సరము వేరు. ఒక చెరువులో వల వేసి చేప పడలేదని లోకమున చేపలే లేవనరాదు. మన బిడ్డ పొరపాటులలో మొదటిది ఇదియే. ఆమె పబ్‌మెడ్ నొక్కదానినే చూచి యూరకుండినది.

రెండవ పొరపాటు పేర్లలో జరిగినది. నా చదువునకు పని తగిలినది ఇచ్చటనే. మనము గేదె యన్నదానిని తెలంగాణమున బర్రె యందురు, రాయలసీమలో ఎనుము అందురు. జంతువొకటే. వేరుసెనగను ఒకచోట పల్లీ లందురు, ఒకచోట బుడ్డ లందురు, చిత్తూరు వైపున చెనిక్కాయ లందురు. ఆంగ్లమునందును ఇదే తీరు. మన దేశపు పత్రికలు గ్రౌండ్‌నట్ అని వ్రాయగా అమెరికావారు పీనట్ అని వ్రాయుదురు. కందికి రెడ్‌గ్రామ్ అనియు, పిజియన్‌పీ అనియు రెండు పేర్లు. రెడ్‌గ్రామ్ అని మాత్రమే వెదకినవానికి పిజియన్‌పీ అని వ్రాసినవారి జీవితకాల పరిశ్రమ కానరాదు.

శాస్త్రనామము లాటిన్‌లో నుండును గదా, అది స్థిరము గదా యందురేమో! అదియు మారుచుండును. కందిని పాత వ్యాసములు కజానస్ ఇండికస్ అని పేర్కొనగా ఇప్పటివారు కజానస్ కజాన్ అని వ్రాయుదురు. సజ్జను ఒకప్పుడు పెన్నిసెటమ్ టైఫాయిడెస్ అనిరి, పిదప పెన్నిసెటమ్ గ్లాకమ్ అనిరి, కొందరు సెంక్రస్ అమెరికానస్ అని వ్రాయుచున్నారు. పైరు మారలేదు, పేరు మారినది. పాత పేరు తెలియనివానికి పాత పరిశోధన లేనట్లే.

ఇక గొంతువాపు సంగతి. దీనిని మన పల్లెలలో గురకవ్యాధి యనియు అందురు. ఆంగ్లమున హెమరేజిక్ సెప్టిసీమియా అందురు. ఈ రెండు మాటలను బ్రిటిషు పద్ధతిలో వ్రాసినప్పుడు ఏ అను నక్షరము అధికముగా చేరును, అమెరికా పద్ధతిలో చేరదు. చెవికి రెండు నొకటే, కాని కొన్ని డేటాబేసులకు అవి రెండు వేరు మాటలు. వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి పాస్చురెల్లా మల్టోసిడా, కావున కొందరు పాస్చురెల్లోసిస్ అని శీర్షిక పెట్టుదురు. ఆ సూక్ష్మజీవినే పాత వ్యాసములలో పాస్చురెల్లా బోవిసెప్టికా అనిరి. ఇటలీవారి మాటను బట్టి గేదెలలో వచ్చు నీ వ్యాధికి బార్బోన్ అను పేరును కలదు. ఇన్ని పేర్లలో మన బిడ్డ వెదకినది ఒక్క పేరు.

గేదె విషయమునను చిక్కు కలదు. బఫెలో అను మాటను అమెరికాలో సామాన్యజనులు బైసన్ అను వేరొక జంతువునకు వాడుదురు. అంతియే కాదు, ఆ దేశమున బఫెలో అను పెద్ద నగరమొకటి కలదు. ఆ నగరమున నున్న విద్వాంసుల చిరునామాలును వ్యాసములపై నుండును గదా! చూడవలసిన స్థానమును నిర్ణయింపక వెదకినచో గేదె జాడ లేని వ్యాసములు గుంపుగా వచ్చి పడును. కాబట్టి వాటర్ బఫెలో అనియు, బుబాలస్ బుబాలిస్ అను శాస్త్రనామమును చేర్చి, శీర్షికలోను సంగ్రహములోను విషయపదములలోను మాత్రమే చూడుమని కోరవలెను.

ఈ చిక్కు విడదీయుటకు డేటాబేసులవారే యొక సాధనమును కల్పించిరి. అది మన అమరకోశము వంటిది. అమరసింహుడు ఒక వస్తువునకు గల పర్యాయనామములను ఒకచోట చేర్చి వర్గములుగా విభజించెను. కృషికి, పశువులకు సంబంధించిన పదములు వైశ్యవర్గమున నున్నవి. అట్లే ఆహార వ్యవసాయ సంస్థవారు 1980 దశకపు మొదట అగ్రోవాక్ అను పదకోశమును కూర్చిరి. నేడు దానిలో 40,000కు పైగా భావములున్నవి. ఒక్కొక్క భావమునకు పలుభాషల పేర్లు జతపరుపబడినవి. ఆ భాషలలో తెలుగును ఒకటి యని తెలిసి నేను పొందిన సంతోషము ఇంతింత యనరానిది. పబ్‌మెడ్‌నకు మెష్ అను పదకోశము 1960 నాటినుండి వచ్చినది కలదు. వ్యాసకర్త ఏ పేరు వాడినను సూచి కూర్చువారు ఆ కోశములోని పదమునే గుర్తుగా వేయుదురు. ఆ పదము పట్టుకొన్నచో భిన్నమైన పేర్లు గల వ్యాసములును ఒక్కచోట చేరును.

అయితే సరిక్రొత్తగా వచ్చిన వ్యాసములకు ఆ గుర్తు వేయుటకు కొంతకాలము పట్టవచ్చును. కావున కోశపదముతోను, సామాన్యపదములతోను, రెండు విధములను వెదకవలెను.

పదములు సమకూరిన పిదప వానిని కలుపు రీతి నేర్వవలెను. 1854లో జార్జ్ బూల్ అను ఆంగ్ల గణితవేత్త తర్కమును గణితరీతిగా వివరించి గ్రంథము వ్రాసెను. ఆ మార్గముననే డేటాబేసులు మూడు మాటలను గ్రహించును: అండ్, ఆర్, నాట్. వ్యాకరణము చదివినవారికి ఇవి క్రొత్తవి కావు. సముచ్చయము, వికల్పము, నిషేధము. ఒకే వస్తువునకు గల పర్యాయములను ఆర్ అను మాటతో కలిపి కుండలీకరణములలో నుంచవలెను. వేరు వేరు వస్తువులను అండ్ అను మాటతో కలుపవలెను. మా ప్రశ్నలో వస్తువులు మూడు: గేదె, వ్యాధి, టీకా. గేదె పేర్లన్నియు నొక గుంపు, వ్యాధి పేర్లన్నియు నొక గుంపు, టీకాకు సంబంధించిన పేర్లన్నియు నొక గుంపు. మూడు గుంపులను అండ్ తో ముడివేసితిమి. వాక్సిన్, వాక్సినేషన్ మొదలగు మాటలకు మొదటి యక్షరము లొకటే కావున, అంతవరకు వ్రాసి చివర నక్షత్రపు గుర్తు పెట్టినచో అన్నియు వచ్చును. రెండు మూడు మాటలు విడిపోక యొకటిగా నుండవలెనన్నచో వానికి ఇరువైపుల ఉద్ధరణ చిహ్నములు పెట్టవలెను.

నాట్ అను మాటతో మాత్రము జాగ్రత్త వహింపవలెను. మనకు ఆవులు వద్దు, గేదెలే కావలెనని ఆవును నిషేధించినచో, ఆవులను గేదెలను రెంటిని పరీక్షించిన వ్యాసములును తొలగిపోవును. తఱచుగా మనకు కావలసినది వానిలోనే యుండును.

ఇట్లు వెదకగా, ఒక్కటియు దొరకలేదన్న చోట పదులకొలది వ్యాసములు తెరపై నిలిచినవి. మా మనుమరాలు నా వంక చూచి నవ్వినది, ఆ నవ్వులో కొంత సిగ్గును ఉండెను. నేనేమియు ననలేదు. నేను ఆమె వయసున ఎన్ని మాటలకు ప్రయోగము లేదని చెప్పి, పిదప ప్రయోగము చూచి నాలుక గరచుకొంటినో నాకు తెలియును.

దొరికిన వ్యాసములలో మంచిదానిని ఒకదానిని ఎన్నుకొని, దానిచివర నున్న ఆధారగ్రంథముల పట్టికను చూచినచో పాత వ్యాసములు తెలియును. ఆ వ్యాసమును తరువాత నెవరెవరు పేర్కొనిరో చూచినచో క్రొత్తవి తెలియును. ఇది తీగ లాగిన డొంక కదలుట వంటిది. మన దేశమున మొదటినుండియు ఈ వ్యాధిపై పనిచేసినవారి వ్యాసములు కొన్ని పాత సంపుటములలోనే యున్నవి. ఇండియన్ వెటరినరీ జర్నల్ 1924లో మదరాసున పుట్టినది. అట్టి పత్రికల పాత సంపుటములు కంప్యూటరులో కనబడకున్నను కళాశాల అలమరలలో నుండవచ్చును. దుమ్ము దులిపి చూచుటయు వెదకుటలో భాగమే.

వ్యాసమును సంపాదించుట యెట్లు? కొన్ని పత్రికలు ఎల్లరకు ఉచితముగా తెరచి యుంచబడును. చందా కట్టవలసిన పత్రికల కొరకు వ్యవసాయ విద్యాలయములకు భారత వ్యవసాయ పరిశోధన మండలివారు 2007లో సెరా అను సమష్టి యేర్పాటును చేసిరి. 2025 జనవరి 1వ తేదీ నుండి కేంద్రప్రభుత్వము వారి ఒకే దేశము ఒకే చందా పథకము అమలులోనికి వచ్చినది. ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల పత్రికలు సుమారు 13,000 అందించుట దాని యుద్దేశము. మన విద్యాలయములలో విద్యార్థులు వ్రాసిన పరిశోధన గ్రంథములు కృషికోశ్ అను నిధిలో చేర్చబడుచున్నవి. ఇన్నింటను దొరకనిచో గ్రంథాలయాధికారిని అడిగి వేరొక గ్రంథాలయమునుండి తెప్పించుకొనవచ్చును, లేదా వ్యాసకర్తకే మర్యాదగా నొక లేఖ వ్రాయవచ్చును. తన పని చదువ గోరువారిని చూచి సంతోషింపని పండితు డరుదు.

వ్యాసము చేతికి వచ్చిన పిదప సంగ్రహముతో తృప్తి చెందరాదు. ఎన్ని పశువులపై పరీక్షించిరి, ఏ టీకాతో పరీక్షించిరి, ఎంతకాలము గమనించిరి అని లోపల చూడవలెను. ప్రచురించిన పిదప దోషము బయలుపడి ఉపసంహరింపబడిన వ్యాసములును కలవు. ఆ సూచన యున్నదేమో గమనింపవలెను. ఏ తేదీన, ఏ డేటాబేసులో, ఏ పదములతో వెదకితిమో ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనవలెను. రేపు "దొరకలేదు" అని వ్రాయవలసి వచ్చినచో ఆ పుటయే మనకు సాక్షి.

మా బిడ్డ పదిదినములు చదివినది. ఆమె ప్రశ్నకు సమాధానము పూర్వులు చెప్పియే యుండిరి. పటికతో కూర్చిన టీకా వలని రక్షణ నాలుగు నుండి ఆరు నెలలు. నూనెతో కూర్చిన టీకా వలని రక్షణ తొమ్మిది నెలలు మొదలు సుమారు ఏడాది. మా నాయనగారు "నిరుడు వేయించితిమి గదా" అన్న మాటకు సమాధానము అందున్నది. కరపత్రమున ఆ పాత వాక్యమును కొట్టివేసి, "ఏ టీకాయైనను ప్రతి సంవత్సరమును తొలకరికి ముందు మరల వేయింపవలెను, నిరుటి టీకా ఈ యేటి వానలకు చాలదు" అని ఆమెయే వ్రాసినది. ఆ వాక్యమున నేను దిద్దవలసినది ఏమియు లేకపోయినది.

శ్రోతలలో విద్యార్థులకు నా మనవి యిది. "ఈ విషయమున ఎవ్వరును పనిచేయలేదు" అను వాక్యము వ్రాయుటకు ముందు కలము నొక్క గడియ యాపుడు. మీ ఊరివారు దానిని ఏమందురు, పొరుగుజిల్లావారు ఏమందురు, పాతకాలమువారు ఏమనిరి, ఇతర దేశములవారు ఏమందురు అని పేర్లను కూర్చుకొనుడు. రెండు మూడు డేటాబేసులను చూడుడు. గ్రంథాలయాధికారిని అడుగుటకు సిగ్గుపడకుడు. అటు పిమ్మటను దొరకకున్నచో అప్పుడు లేదని వ్రాయుడు. అట్టి "లేదు" అను మాటకు విలువ కలదు, ఏలయన మీరు చేయవలసిన పరిశోధన అచ్చటనే మొదలగును.